అరవై దాటాక మైగ్రేన్: తలనొప్పినీ గుండెనూ కలిపి చూసుకునే పద్ధతి

పాతికేళ్ల వయసులో మైగ్రేన్ వస్తే చీకటి గదిలో పడుకుని, ఒక మాత్ర వేసుకుని, సాయంత్రానికి లేచి తిరిగేవాళ్లు. అదే మనిషికి అరవై ఎనిమిదేళ్లు వచ్చేసరికి బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, స్టెంట్ కూడా వేసి ఉండొచ్చు. తలనొప్పి పాతదే, మాత్ర పాతదే. ఒళ్లు మాత్రం అప్పటిది కాదు.

న్యూరాలజిస్టు ఒకచోట, గుండె డాక్టరు ఇంకోచోట, మెడికల్ షాపు కుర్రాడు వీధి చివర. ముగ్గురూ ఇచ్చిన మందులు కలుసుకునేది మీ ఇంట్లో మందుల డబ్బాలోనే. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా ఆ డబ్బా చుట్టూనే తిరుగుతుంది. పెద్దవాళ్లు సొంతంగా చేసుకోవచ్చు, లేదా పిల్లలు ఒక ఆదివారం పక్కన కూర్చుని చేయించవచ్చు. మందు మార్చడం, ఆపడం మాత్రం డాక్టరును అడిగాకే.

ముందు భయం సంగతి

"మైగ్రేన్ ఉంటే గుండెపోటు వస్తుందట" అని వాట్సాప్‌లో తిరిగే మాటలో నిజం కొంత, హడావుడి ఎక్కువ. అమెరికాలో 45 ఏళ్లు దాటిన 27,840 మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆరాతో వచ్చే మైగ్రేన్, అంటే నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకరటింకర గీతలు కనిపించే రకం ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు రెట్టింపుగా కనిపించాయి. ఆరా లేనివాళ్లలో ఆ తేడా కనిపించలేదు. రెట్టింపు అనగానే గుండె గుభేలుమంటుంది గానీ, లెక్క వేస్తే అది ఏడాదికి పదివేల మందిలో అదనంగా సుమారు 18 మంది. పెద్ద వయసులో బీపీ, షుగర్, పొగాకు చేసే నష్టం ఇంతకంటే చాలా ఎక్కువ. పైగా వాటిని మనం అదుపు చేయగలం.

ఇంకో విషయం కూడా తెలిసి ఉండాలి. అమెరికాలోనే జరిగిన మరో దీర్ఘకాల పరిశీలనలో, ఆరాతో మైగ్రేన్ 50 ఏళ్లు దాటాక మొదలైనవాళ్లలో పక్షవాతం ఎక్కువగా కనిపించింది. చిన్న వయసు నుంచీ ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదీ:

మొదటి మెట్టు: ఇది పాత నొప్పేనా, కొత్తదా?

మైగ్రేన్ సాధారణంగా చిన్న వయసులో మొదలై, నడివయసులో బాగా వేధించి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆడవాళ్లలో చాలామందికి నెలసరి ఆగిపోయాక ఊరట దొరుకుతుంది. మిగిలిన నొప్పి రూపం కూడా మారుతుంది. ఒక పక్కే కాకుండా తలంతా నొప్పి, వాంతులు తక్కువ, మెడ పట్టేయడం ఎక్కువ. దాంతో చాలామందికి సర్వైకల్ స్పాండిలోసిస్, అంటే మెడ ఎముకల అరుగుదల అని పేరు పెట్టి, మెడకు పట్టీ వేసి పంపేస్తారు. అరవై దాటినవాళ్లకు మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల చాలామందిలో కనిపిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించింది కదా అని నొప్పికి కారణం అదే అనుకోవడానికి లేదు.

50 దాటాక జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి మొదలైతే, లేదా పాత నొప్పి తీరు ఒక్కసారిగా మారితే, మైగ్రేన్ అనుకునే ముందు మిగతా కారణాలు లేవని తేల్చుకోవాలి. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు:

- కణతల దగ్గర నొప్పి, దువ్వుకుంటే మాడు నొప్పి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ నొప్పెట్టి ఆపాల్సి రావడం, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం. ఇది కణత రక్తనాళాల వాపు కావచ్చు. మన దగ్గర యూరప్‌లో ఉన్నంత ఎక్కువ కాదు గానీ, గుర్తించకపోతే చూపు శాశ్వతంగా పోతుంది. ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు అదే రోజు చేయించాలి. డాక్టరుకు గట్టి అనుమానం ఉంటే మిగతా పరీక్షల కోసం ఆగకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు.
- కొన్ని వారాల క్రితం బాత్రూంలో జారి పడ్డారు, అప్పుడు ఏమీ కాలేదు, ఇప్పుడు రోజూ తలనొప్పి, మగత, తికమక. మెదడు పైపొర కింద రక్తం చేరి ఉండొచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బ చాలు. సీటీ స్కాన్ కావాలి.
- కన్ను ఎర్రబడి, చూపు మసకేసి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులు. ఇది ఒక రకం గ్లాకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. వెళ్లాల్సింది కంటి ఆసుపత్రికి, అదీ వెంటనే.
- ఒక్క నిమిషంలోనే తారస్థాయికి చేరిన భయంకరమైన నొప్పి. 108కి ఫోన్ చేయండి.

రాత్రి నొప్పితోనే మెలకువ వచ్చేవాళ్లను ఇంకో రెండు అడగాలి. బాగా గురక పెట్టి, పొద్దున లేవగానే తల బరువుగా ఉండి, కాసేపటికి తగ్గిపోతుంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. అది బీపీనీ పెంచుతుంది, గుండె లయనూ చెడగొడుతుంది. గురక సంగతి లేకుండా, రోజూ దాదాపు ఒకే వేళకు, రాత్రి ఒంటిగంటకో రెండింటికో నొప్పి నిద్ర లేపుతుంటే అది పెద్దవాళ్లకే వచ్చే మరో రకం. విచిత్రంగా దానికి ఒక కప్పు కాఫీ మందులా పనిచేస్తుంది. అలాగని స్వయంగా తేల్చేసుకోకుండా డాక్టరుకు చెప్పండి.

రెండో మెట్టు: ఆరానా, పక్షవాతానికి ముందస్తు సూచనా?

పెద్దవాళ్లలో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే. ఆరా వచ్చి, తర్వాత నొప్పి రాకుండానే పోవచ్చు. 1980లో మిల్లర్ ఫిషర్ అనే నరాల వైద్యుడు ఇలాంటి పెద్దవాళ్లను వరుసగా పరిశీలించి, పక్షవాతం సూచన అనుకునేవాటిలో కొన్ని నిజానికి మైగ్రేన్ లక్షణాలేనని వివరంగా రాశారు.

ఆరా ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పొద్దున పేపరు చదువుతుంటే ఒక మాట మధ్యలో రెండక్షరాలు కనిపించవు. కళ్లద్దాలు తుడుచుకుంటారు, అయినా అంతే. రెండు మూడు నిమిషాలకు ఆ మచ్చ అంచున మెరిసే గీత ఒకటి పుడుతుంది, రంపం పళ్లలా వంకరలు తిరిగి ఉంటుంది. అది మెల్లగా విల్లులా పెద్దదై చూపు పక్కకు జరుగుతూ పోతుంది. కళ్లు మూసుకున్నా కనిపిస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలకో అరగంటకో మాయమవుతుంది. కొందరికి దాని వెనకే వేలి చివర తిమ్మిరి మొదలై మోచేతి దాకా, ఆపైన పెదవి దాకా పాకుతుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఆ పాకడమే. ఆరా కనీసం ఐదు నిమిషాలు తీసుకుని మెల్లగా పెరుగుతుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి వస్తుంది. ఒక్కో లక్షణం గంటలోపు పోతుంది. చూపులో ఏదో అదనంగా చేరుతుంది, అంటే మెరుపు, గీత, చుక్కలు. పక్షవాతానికి ముందస్తు సూచనగా, వచ్చి కాసేపట్లో పోయే తాత్కాలిక పక్షవాతం అలా కాదు. స్విచ్ ఆపినట్టు ఒక్క క్షణంలో మాట పోతుంది, చేయి పడిపోతుంది, ఒక పక్క చూపు నల్లబడుతుంది. అన్నీ ఒకేసారి వస్తాయి.

ఈ తేడా తెలుసుకోవడం మీ నోటుపుస్తకంలో సరిగ్గా రాసుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పుకోవడానికి మాత్రం కాదు. అరవై దాటాక మొదటిసారి ఇలాంటిది ఏది వచ్చినా, పది నిమిషాల్లో తగ్గిపోయినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తాత్కాలిక పక్షవాతం వచ్చినవాళ్లకు అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. ఎంఆర్ఐ అవసరం పడేది ఇక్కడే. మెదడులోని చిన్న రక్తనాళాలు పెళుసెక్కి రక్తం చెమర్చినా ఇలాంటి పాకే తిమ్మిరే వస్తుంది. అలాంటివాళ్లకు ఆస్పిరిన్ వంటివి మేలు కంటే కీడే చేయవచ్చు.

ముఖం వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా 108. మెదడు నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు, అదీ సీటీ స్కాన్ తీశాకే. ఆఖరుసారి మనిషి మామూలుగా ఎప్పుడు ఉన్నారో ఆ టైము చూసి పెట్టుకోండి, ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే. ఈలోగా ఇంట్లో ఆస్పిరిన్ మింగించవద్దు, అది రక్తస్రావపు పక్షవాతమైతే ఇంకా ప్రమాదం. మంచినీళ్లు కూడా పట్టవద్దు, పొలమారుతుంది. బీపీ ఎక్కువ ఉందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించే పాత అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అది మెదడుకు రక్తం అందకుండా చేస్తుంది.

మూడో మెట్టు: మందుల డబ్బా బోర్లించండి

మంచం మీద పాత పేపరు పరిచి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ దాని మీద పోయండి. ఫ్రిజ్ మీదవి, పర్సులోవి, పూజగదిలో అగరొత్తుల డబ్బా పక్కన పెట్టినవి, కారు డాష్‌బోర్డులోవి, అన్నీ. సగం కత్తిరించిన స్ట్రిప్‌ల మీద పేరు ఉండదు, వాటిని పక్కన పెట్టండి. మిగిలిన ప్రతి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. పైన పెద్దగా ఉండే బ్రాండు పేరుతో పని లేదు. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే సులువుగా కనిపిస్తుంది.

మొదట వెతకాల్సిన పేరు ఎర్గొటమిన్. మన దగ్గర మైగ్రేన్ మాత్ర అనగానే షాపులో చేతిలో పెట్టే వాసోగ్రెయిన్‌లో పారాసెటమాల్, కెఫీన్, వాంతులకు ప్రోక్లోర్‌పెరజిన్‌తో పాటు ఉండేది ఇదే. ఎర్గొటమిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఆ బిగింపు ఒంట్లో చాలాసేపు ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్, బైపాస్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు దీన్ని ముట్టకూడదు. దగ్గుకో గొంతునొప్పికో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడేటప్పుడు ఇది కలిస్తే వేళ్లు చల్లబడి నీలం తిరిగేంత ప్రమాదం, కొన్ని ఫంగస్ మందులతోనూ అంతే. "ముప్పై ఏళ్లుగా వేసుకుంటున్నా, ఏం కాలేదు" అనే మాట తరచూ వింటాం. ముప్పై ఏళ్ల క్రితం గుండె నాళాల్లో కొవ్వు పేరుకుని లేదు. అరవై దాటినవాళ్ల ఇంట్లో ఈ స్ట్రిప్ ఉండటానికి నాకైతే ఒక్క మంచి కారణం కూడా కనిపించదు.

తర్వాత చివర ట్రిప్టాన్ అని వచ్చేవి: సుమాట్రిప్టాన్, రైజాట్రిప్టాన్, నారాట్రిప్టాన్. ఇవి మంచి మందులే, మైగ్రేన్ కోసమే తయారైనవి. ఇవీ రక్తనాళాలను బిగిస్తాయి కాబట్టి పైన చెప్పిన జబ్బులు ఉన్నవాళ్లకు పనికిరావు. గుండె జబ్బు లేని పెద్దవాళ్లకు వయసు ఒక్కటే అడ్డు కాదు. కానీ ముందు ఈసీజీ, బీపీ, షుగర్, కొలెస్టరాల్ చూసి డాక్టరు సరేనంటేనే వాడాలి. ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకు రైజాట్రిప్టాన్ డోసు తగ్గించాలి.

మూడోది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. మోకాళ్ల నొప్పికని తెచ్చినవి తలనొప్పికీ వేసేసుకుంటుంటారు. ఇవి బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు నిలుపుతాయి, గుండెపోటు ముప్పు పెంచుతాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. బీపీకి సార్టన్ రకం మందు (పేరు చివర సార్టన్ అని వచ్చేది), దాంతో పాటు నీరు పోయే మాత్ర వాడేవాళ్లకు మూడోదిగా ఇది తోడైతే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు, ఎండాకాలంలో మరీను. రోజూ తీసుకునే ఆస్పిరిన్ గుండెకు చేసే మేలును ఐబుప్రొఫెన్ అడ్డుకోగలదు కూడా.

నాలుగోది తలనొప్పి తెచ్చే గుండె మందులు. సార్బిట్రేట్ వంటి నైట్రేట్లు, అమ్లోడిపిన్, కాళ్ల రక్తప్రసరణకు ఇచ్చే సిలోస్టజోల్, ఇవన్నీ తల దిమ్మెక్కించగలవు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. నెల క్రితం మందు మారింది, అప్పటి నుంచీ తలనొప్పి పెరిగింది అంటే ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాయండి. నైట్రేట్ల నొప్పి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. తలనొప్పి వస్తోందని గుండె మందు ఆపేయడం మాత్రం తలనొప్పి కంటే పెద్ద ముప్పు, మార్చే పని డాక్టరుదే.

అయిదోది ఫ్లూనరిజిన్. మన దేశంలో మైగ్రేన్ రాకుండా బాగా ఎక్కువగా రాసే మందు ఇది, రాత్రిపూట ఒకటి. గుండెకు దీంతో పెద్ద పేచీ లేదు. కానీ పెద్దవాళ్లలో నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు, దిగులు తెచ్చిపెడుతుంది. నాన్నగారు అడుగు చిన్నగా వేస్తున్నారు, ముఖంలో నవ్వు తగ్గింది, చేయి వణుకుతోంది అంటే "వయసు" అని సరిపెట్టుకోకుండా డబ్బాలో ఈ పేరు ఉందేమో చూడండి. కళ్లు తిరుగుతున్నాయని ఏళ్ల తరబడి వాడే సిన్నరిజిన్, స్టెమెటిల్ కూడా ఇదే పని చేయగలవు. మందు ఆపితే చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటుంది.

చివరగా లెక్క. గత నెలలో ఎన్ని రోజులు తలనొప్పి మాత్ర పడింది? ఉత్తి పారాసెటమాల్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, ఎర్గొటమిన్, ట్రిప్టాన్ 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే రోజూ తలనొప్పిని తెచ్చిపెడతాయి. శారిడాన్ లాంటి కెఫీన్ కలిసినవి ఈ లెక్కలో రెండో వరుసలోకే వస్తాయి.

ఆయుర్వేదం, ఇంటి వైద్యం కూడా ఈ పేపరు మీదకే రావాలి. రోజూ తాగే కషాయంలో అతిమధురం ఉంటే అది బీపీని పెంచి పొటాషియంను తగ్గించగలదు. నుదుటికి కాస్త అమృతాంజనం రాసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో మొదలుపెట్టిన ఆ పసుపు డబ్బా మీద తెలుగువాళ్లకున్న నమ్మకాన్ని ఏ గైడ్‌లైన్ కదిలించగలదు?

నాలుగో మెట్టు: వారం రోజులు బీపీ, నాడి

తలనొప్పి రాగానే "బీపీ పెరిగిందేమో" అనుకోవడం మనకు అలవాటు. మామూలుగా కొంచెం పెరిగిన బీపీ తలనొప్పి తేదు. నొప్పి వల్లే ఆ సమయంలో బీపీ పెరిగి కనిపిస్తుంది. నొప్పి లేనప్పుడు, పద్ధతిగా కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

చేతికి చుట్టే మెషీన్ వాడండి, మణికట్టుది వద్దు. కాఫీ తాగాక అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనే కుర్చీలో, కాళ్లు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. టీవీలో సీరియల్ కట్టేయండి, మాట్లాడవద్దు. చొక్కా చేతుల మీద కాకుండా ఒంటి మీదే పట్టీ చుట్టి, చేయి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాయండి. పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి. ఏడు రోజులు తీసి, మొదటి రోజువి కొట్టేసి, మిగతావాటి సగటు చూడండి. ఇంట్లో తీసిన సగటు 135/85 దాటితే బీపీ అదుపులో లేనట్టే. ఎంతకు దించాలన్నది వయసు, నడక, కిడ్నీలను చూసి డాక్టరు చెబుతారు.

ఒకరోజు కూర్చుని తీశాక, లేచి నిలబడి మూడు నిమిషాల్లోపు మళ్లీ తీయండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే ఆ సంగతి తప్పక చెప్పాలి. మైగ్రేన్ రాకుండా వాడే మందుల్లో కొన్ని బీపీని ఇంకా దించేవే, పడి తుంటి విరిగితే తలనొప్పి గుర్తుకు కూడా రాదు.

180/120 దాటి, దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, తికమక ఉంటే 108. ఏ ఇబ్బందీ లేకుండా అంకె మాత్రమే ఎక్కువ ఉంటే కాసేపు కూర్చుని మళ్లీ తీసి, అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక నాడి. బొటనవేలి మూలంలో మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం లెక్కపెట్టండి. వేగం ఒక్కటే చాలదు, తాళం తప్పుతోందా చూడాలి. అడ్డదిడ్డంగా కొడుతుంటే ఈసీజీ తీయించాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ లయ దోషం పక్షవాతం ముప్పును దాదాపు ఐదు రెట్లు పెంచుతుంది. ఆరా మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇది కొంచెం ఎక్కువగా కనిపించిందని కూడా ఒక పరిశీలన చెప్పింది. దీనికి మంచి మందులున్నాయి, కనిపెట్టడమే ఆలస్యం.

అయిదో మెట్టు: మెట్లెక్కితే వచ్చే తలనొప్పి

దీనికి విడిగా చోటు ఇవ్వడానికి కారణం ఉంది. అరుదే గానీ, మైగ్రేన్ అని పొరబడితే ప్రాణం మీదకు వస్తుంది. గుండెకు రక్తం చాలనప్పుడు కొందరికి ఛాతీలో కాకుండా తలలో నొప్పి వస్తుంది. తిరుమల మెట్లు ఎక్కుతున్నప్పుడో, బిందె మోస్తున్నప్పుడో, వేగంగా నడుస్తున్నప్పుడో తల పట్టేస్తుంది. ఆగి కూర్చుంటే కొద్ది నిమిషాల్లో పోతుంది. వికారం కూడా ఉండొచ్చు కాబట్టి అచ్చం మైగ్రేన్‌లాగే అనిపిస్తుంది. అలాంటివాళ్లకు ట్రిప్టాన్ పడితే బిగిసిన నాళం ఇంకా బిగుస్తుంది. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే తలనొప్పి ఉంటే న్యూరాలజిస్టు కంటే ముందు గుండె డాక్టరును కలవండి. ఛాతీ నొప్పి లేదు కదా అని మాత్రం అనుకోవద్దు.

ఆరో మెట్టు: నొప్పి వచ్చిన రోజు

గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముందు వరుస మందు పారాసెటమాల్. నొప్పి మొదలైన వెంటనే వేసుకుంటేనే పనిచేస్తుంది, "చూద్దాం, తగ్గుతుందేమో" అని సాయంత్రం దాకా ఆగితే దండగ. రోజు మొత్తానికి ఎన్ని వేసుకోవచ్చో మీ బరువు, లివరును బట్టి డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. పెద్దవాళ్లకు మూడు గ్రాములు, అంటే 500 మాత్రలు ఆరు మించకుండా చూస్తారు. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్కలో కలపండి. నీళ్లలో బుసబుసమని కరిగే రకంలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు మామూలు మాత్రే వాడటం మంచిది.

దాంతో తగ్గనివాళ్లకు ఇప్పుడు వేరే దారులున్నాయి. రిమెజిపాంట్ వంటి జిపాంట్లు రక్తనాళాలను బిగించకుండా పనిచేస్తాయి. లాస్మిడిటాన్ కూడా అంతే, కానీ అది వేసుకున్నాక కళ్లు తిరుగుతాయి, ఎనిమిది గంటలు బండి నడపకూడదు. ఖరీదు ఎక్కువే, అందరికీ అవసరం కూడా ఉండదు. అయినా స్టెంట్ వేసుకున్న మనిషికి ట్రిప్టాన్ వద్దన్నాక "ఇక భరించాల్సిందే" అనే రోజులు పోయాయని తెలిసి ఉండాలి.

ఏడో మెట్టు: ఒక మాత్రతో రెండు పనులు

నెలలో నాలుగైదు రోజులకు మించి నొప్పి మంచాన పడేస్తుంటే, రాకుండా రోజూ వాడే మందు గురించి అడగాలి. ఇక్కడ బీపీ ఉండటమే కలిసొస్తుంది. ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ రెండూ మైగ్రేన్‌ను తగ్గిస్తాయి, బీపీకి, గుండెకు కూడా పనికొస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు, నాడి బాగా నెమ్మదిగా ఉన్నవాళ్లకు సరిపడవు. ఒకసారి మొదలుపెట్టాక ఉన్నట్టుండి ఆపకూడదు, గుండె నొప్పి తిరగబెడుతుంది. కాండిసార్టన్ అనే బీపీ మందుకూ మైగ్రేన్‌లో మంచి ఆధారమే ఉంది. మనవాళ్లకు ఎక్కువగా రాసే టెల్మిసార్టన్ ఇదే కుటుంబం, అయితే తలనొప్పి విషయంలో దానికి అంత ఆధారం లేదు. "నా బీపీ మందునే మైగ్రేన్‌కూ పనికొచ్చేదిగా మార్చవచ్చా?" అని గుండె డాక్టరును అడగడంలో తప్పేం లేదు. డబ్బాలోంచి ఒక స్ట్రిప్ తగ్గుతుంది.

అమిట్రిప్టిలిన్ చిన్న డోసులో నిద్రకూ నొప్పికీ బాగానే ఉంటుంది. కానీ ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయనకు మూత్రం బిగబట్టేస్తుంది, మలబద్ధకం, మతిమరుపు పెంచుతుంది, గుండె లయ మీదా ప్రభావం ఉంటుంది. ఈసీజీ చూడకుండా మొదలుపెట్టకపోవడం మేలు. టోపిరమేట్‌తో మాటలు తడుముకోవడం, కిడ్నీలో రాళ్లు, చెమట తగ్గి ఒళ్లు వేడెక్కడం ఉంటాయి. మన ఎండలకు ఆలోచించి వాడాల్సిన మందు. ఇంజెక్షన్లలో ఎరెనుమాబ్‌తో బీపీ పెరగవచ్చు, మలబద్ధకం రావచ్చు. ఏ మందైనా రెండు మూడు నెలలు వాడితే గానీ పనిచేసిందీ లేనిదీ తేలదు.

ఆరా ఉంది కాబట్టి ముందు జాగ్రత్తగా ఆస్పిరిన్ మొదలుపెడదామా అని చాలామంది అడుగుతారు. గుండె జబ్బు, పక్షవాతం ఇంతవరకు రాని పెద్దవాళ్ల మీద ఆస్ట్రేలియాలో, అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష 2018లో తేల్చింది ఏమిటంటే, కొత్తగా మొదలుపెట్టిన ఆస్పిరిన్ వల్ల మేలు కనిపించలేదు, రక్తస్రావాలు పెరిగాయి. డాక్టరు గుండె కోసం ఇదివరకే రాసి ఉంటే మాత్రం ఈ మాట చదివి ఆపేయకండి.

ఎనిమిదో మెట్టు: తిండి, ఎండ, ఉపవాసం

మైగ్రేన్ మెదడుకు మార్పు గిట్టదు. రోజూ ఒకే వేళకు తినడం, పడుకోవడం, రోజూ ఒకే మోతాదు కాఫీ. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు తాగే మనిషి డాక్టరు చెప్పారని ఒక్కసారిగా మానేస్తే రెండు రోజులు తల పగిలిపోతుంది. వారానికి కొంచెం చొప్పున తగ్గించండి.

కార్తీక సోమవారం, ఏకాదశి ఉపవాసాలు మైగ్రేన్‌ను రప్పించడంలో పేరుమోసినవి. షుగర్ మాత్రలు వాడేవాళ్లకైతే వేరే ప్రమాదం కూడా. మానమని నేను చెప్పినా అమ్మలు వినరు. పళ్లు, పాలు వేళకు తీసుకునే ఉపవాసమైనా చేయండి, ఆ రోజు షుగర్ మందు సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

రోహిణి కార్తెలో పదకొండు దాటాక బయటికి వెళితే నొప్పి ఖాయం అనేవాళ్లు చాలామంది. టోపీ, గొడుగు, నల్ల కళ్లద్దాలు సరే. నీళ్లు బాగా తాగమనే సలహా మాత్రం అందరికీ వర్తించదు. గుండె బలహీనపడి నీరు తక్కువ తాగమని చెప్పినవాళ్లు ఆ హద్దు దాటకూడదు. నీరు పోయే మాత్ర వాడేవాళ్లు ఎండాకాలంలో డోసు మార్చాలేమో అడగాలి.

ఉప్పు రోజుకు ఒక టీస్పూను, అదీ కూర, పచ్చడి, అప్పడం, మజ్జిగ అన్నీ కలిపి. ఆవకాయ పూర్తిగా మానలేకపోతే రోజూ కాకుండా వారానికి రెండు రోజులు, ఊట లేకుండా ముక్క మాత్రం. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. సార్టన్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా వాడవద్దు. చుట్ట, బీడీ, సిగరెట్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆరా ఉన్నవాళ్లకు వాటి నష్టం ఇంకా ఎక్కువ, అంతే.

తొమ్మిదో మెట్టు: డాక్టరు చేతికి ఒక కాగితం

ఒకే కాగితం, ముందు వైపు మందులు, వెనక నొప్పి. ముందు వైపు పేరు, డోసు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. షాపులో కొన్నవి కూడా. వెనక గత నెల క్యాలెండర్ గీసి, నొప్పి వచ్చిన రోజుకు చుక్క, మాత్ర వేసుకున్న రోజుకు అడ్డగీత, ఆరా వస్తే చిన్న గుండ్రం. కింద బీపీ సగటు, నిలబడ్డాక అంకె, నాడి తాళం. న్యూరాలజిస్టుకూ గుండె డాక్టరుకూ ఇదే కాగితం చూపించండి, ఒకరు మార్చింది ఇంకొకరి దగ్గరికి వెళ్లేలోగా దాని మీదే దిద్దండి.

అడగాల్సినవి కూడా ముందే రాసుకోండి, ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో గుర్తురావు. నా గుండెకు ట్రిప్టాన్ పనికొస్తుందా? నొప్పి వచ్చిన రోజు ఏది, ఎన్ని, గరిష్ఠంగా నెలకు ఎన్ని రోజులు? వీటిలో ఏ మందు ఆపేయవచ్చు? ఎలాంటి లక్షణం వస్తే ఫోన్ చేయాలి, ఎలాంటిది వస్తే నేరుగా రావాలి?

ఆ కాగితం రెండు వైపులా ఫోటో తీసి, హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా పిల్లలందరికీ పంపండి. మందు మారిన ప్రతిసారీ కొత్త ఫోటో పంపండి. అర్ధరాత్రి అంబులెన్సులో "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు, జవాబు చెప్పాల్సిన మనిషికి మాట రాకపోవచ్చు.